కొబ్బరి నీడలో గాజు కప్పు

టెక్కలి దాటి కాశీబుగ్గ, పలాసల మీదుగా ఇచ్ఛాపురం దిక్కుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారికీ బంగాళాఖాతపు ఇసుక దిబ్బలకూ నడుమ విస్తరించిన ఉద్దానంలో నీడకు కొదవ లేదు. ఉద్యానం అన్న మాటే వాడుకలో ఉద్దానమైందని చెప్పుకొనేంతగా వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయి. ఎండన పడి వచ్చిన వాహనాన్ని చెట్టు కిందికి చేర్చడం ఇక్కడ ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. కారు పైకప్పు ఇనుప రేకుగా ఉన్నంత కాలం ఆ అలవాటు వల్ల కలిగే నష్టం మహా అయితే ఒక సొట్ట. గత పదేళ్లలో మధ్యతరగతి కొనగలిగే కార్లలోకి కూడా పనోరమిక్ సన్‌రూఫ్, అంటే ముందు సీట్ల నుంచి వెనుక సీట్ల దాకా కప్పులో పెద్ద భాగాన్ని ఆక్రమించే గాజు పలక, వచ్చి చేరడంతో ఆ లెక్క తప్పింది. రేకు దెబ్బను మింగి వంగుతుంది. గాజుకు వంగే గుణం లేదు. అది పగిలిన తరువాత ఏమి చేయాలన్నది, అసలు అది ఎందుకు, ఏ విధంగా పగులుతుందన్న దానిపైనే పూర్తిగా ఆధారపడి ఉంటుంది కనుక ముందుగా గాజు స్వభావాన్ని పరిశీలించడం అవసరం.

అణువుల మధ్య బంధాల బలాన్ని బట్టి లెక్కగడితే గాజు ఉక్కును మించిన పదార్థం కావాలి, కానీ చేతికి వచ్చే గాజు ఆ లెక్కలో నూరో వంతు బలాన్నైనా చూపదు. ఈ తేడాకు కారణాన్ని 1920లో ఇంగ్లండుకు చెందిన ఏ. ఏ. గ్రిఫిత్ వివరించాడు. గాజు ఉపరితలంపై కంటికి కనిపించని గీతలు, బీటలు ఎప్పుడూ ఉంటాయని, పలకను లాగినప్పుడు లేదా వంచినప్పుడు ఆ లాగుడంతా బీట మొనవద్ద పోగుపడి అక్కడి బంధాలను ఒక్కొక్కటిగా తెంపుకొంటూ పోతుందని అతని సిద్ధాంతం. లోహమైతే బీట మొనవద్ద కాస్త సాగి ఆ ఒత్తిడిని పంచుకొంటుంది. గాజుకు ఆ వెసులుబాటు లేదు. దీనినుంచి ఒక ఉపాయం దానంతట అదే తోస్తుంది: ఉపరితలాన్ని ఎప్పుడూ నొక్కిపెట్టి ఉంచగలిగితే బీటలు ఉన్నా నోరు తెరవలేవు.

టెంపర్డ్ గాజు, వాడుకలో టఫెన్డ్ గ్లాస్, ఆ ఉపాయానికే పేరు. దీనిని అర్థం చేసుకోవడానికి పూర్వం ఎడ్లబండి చక్రానికి ఇనుప కట్టు వేసిన పద్ధతిని తలచుకొంటే చాలు. ఎర్రగా కాల్చిన కట్టును చెక్క చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే ఇనుము ముడుచుకొని, ఆకులనూ కుండనూ ఒక్కటిగా బిగించేది. చక్రం బలమంతా ఆ బిగింపులోనే ఉండేది. గాజు విషయంలో కట్టు బయటినుంచి రాదు, పలక లోపలి పొరే కట్టుగా మారుతుంది. సుమారు 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసిన పలకపై రెండు వైపులా చల్లని గాలిని బలంగా ఊదితే పైపొరలు ముందుగా గట్టిపడతాయి. మధ్యభాగం ఆ తరువాత చల్లారుతూ ముడుచుకోబోయి, అప్పటికే బిగుసుకొన్న పైపొరలను తనవైపు లాగుతుంది. ఫలితంగా పైపొరల్లో 70 మెగాపాస్కల్‌లకు మించిన, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 700 కిలోల నొక్కుడు శాశ్వతంగా నిలిచిపోతుంది. మధ్యపొర దానికి బదులుగా లాగుడులో ఉండిపోతుంది. నొక్కుడు పొర మందం ఒక్కో వైపు పలక మందంలో సుమారు ఐదో వంతు. నాలుగు మిల్లీమీటర్ల కారు గాజులో అది 0.8 మిల్లీమీటర్లన్న మాట, ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది.

ఇందులో దాగిన ప్రమాదాన్ని శాస్త్రవేత్తలు మూడున్నర శతాబ్దాల నుంచి ఎరుగుదురు. కరిగిన గాజు చుక్కను నీటిలో వదిలితే ఏర్పడే తోక ఉన్న బిందువు తలపై సుత్తితో కొట్టినా పగలదు, తోక కొన విరిస్తే మాత్రం మొత్తం పిండి అయిపోతుంది. రూపర్ట్ రాకుమారుని చుక్కలని పేరుపడ్డ ఈ వింతను రాబర్ట్ హుక్ 1665లో వెలువరించిన తన సూక్ష్మదర్శిని గ్రంథంలో చర్చించాడు. 1994లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని శ్రీనివాసన్ చంద్రశేఖర్, కేంబ్రిడ్జిలోని మునవర్ చౌధ్రీ అతివేగపు ఛాయాచిత్రాలతో పరిశీలించి, పగులు సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుందని చూపారు. కారు కప్పులోని పలక కూడా ఆ చుక్కకు బంధువే. ఎక్కడో ఒక చోట గీత 0.8 మిల్లీమీటర్ల కాపలాను దాటి లాగుడులో ఉన్న మధ్యపొరను తాకిందంటే, అక్కడ దాచిపెట్టిన శక్తి అంతా ఒక్కసారిగా విడుదలై, మీటరు పొడవున్న పలక సెకనులో వెయ్యో వంతు గడవకముందే గుగ్గిళ్లంత ముక్కలైపోతుంది. లోపల కూర్చున్నవారికి తుపాకి పేలిన శబ్దం వినిపించడానికి కారణం ఇదే.

కాబట్టి టెంపర్డ్ సన్‌రూఫ్‌కు పగులు అన్న దశ లేనే లేదు. అది నిండుగా ఉంటుంది, లేదా ఉండదు. పగులు పడిందని, దానిలో జిగురు నింపించవచ్చునని అనుకోవడం పొరపాటు. ఒకసారి టెంపర్ చేసిన పలకను కోయడానికి, రంధ్రం వేయడానికి, అరగదీయడానికి కూడా వీలుండదు. చిన్న ముక్కలుగా రాలడం ఈ గాజుకు లోపం కాదు, కావాలని ఇచ్చిన గుణం: ఐదు సెంటీమీటర్ల చదరంలో కనీసం 40 ముక్కలు రావాలని వాహన గాజుకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 43వ నిబంధన కోరుతుంది, ఎందుకంటే పెద్ద ముక్క కత్తి వంటిది, చిన్న ముక్క గులకరాయి వంటిది. అయితే గులకరాయి కంట్లో పడితే కలిగే హాని చిన్నది కాదు.

రెండో రకం గాజు పూర్తిగా వేరు. 1903లో ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ చేయి జారి కింద పడిన గాజు కూజా పగిలినా చెదరకపోవడం గమనించి, లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కలను పట్టి ఉంచిందని గ్రహించాడు. 1909లో ఆయన తీసుకొన్న పేటెంటు లామినేటెడ్ గాజుకు నాంది. రెండు పలుచని పలకల మధ్య పాలీవినైల్ బ్యుటిరాల్ అనే సాగే ప్లాస్టిక్ పొరను అతికించి చేసే ఈ గాజునే భారతదేశంలోని కార్ల ముందద్దానికి తప్పనిసరిగా వాడుతున్నారు. దెబ్బ తగిలితే ఇది సాలెగూడులా బీటలు తీస్తుంది, కానీ ఊడి మీద పడదు. కొన్ని కార్ల కప్పుల్లో ఈ గాజు వస్తోంది, చాలా కార్లలో టెంపర్డే ఉంది, ఒకే కారులో జరిగే పలక ఒక రకమూ కదలని పలక మరో రకమూ అయిన సందర్భాలూ ఉన్నాయి. పలక మూలలో చెక్కిన గుర్తుల దగ్గర ఆ మాట రాసి ఉంటుంది. రాత చెరిగిపోయిన చోట మరో పరీక్ష ఉంది: పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకొని ఉదయపు లేదా సాయంత్రపు ఆకాశం కింద వంకరగా చూస్తే టెంపర్డ్ గాజులో వరుసగా నల్లని మచ్చలు కనిపిస్తాయి. చల్లార్చేటప్పుడు గాలి తగిలిన చోట్ల ముద్రలవి. బిగింపు ఎక్కడ ఎంత ఉన్నదో వెలుతురే చూపిస్తుంది.

టెంపర్డ్ పలక ఏ కారణమూ లేకుండా పేలిపోయిందని యజమానులు అంటారు. కారణం లేకుండా ఏదీ పగలదు, కారణానికీ ఫలితానికీ మధ్య కాలం మాత్రం గడిచి ఉండవచ్చు. టెక్కలి పరిసరాల గ్రానైటు క్వారీల నుంచి లారీలు, కంకర టిప్పర్లు జాతీయ రహదారిపై తిరుగుతూనే ఉంటాయి. గ్రానైటులోని క్వార్ట్జ్ గాజుకంటే కఠినమైనది కనుక టిప్పరు నుంచి జారిన చిన్న రాయి కూడా గాజుపై గీత వేయగలదు. ఆ గీత లోతు 0.6 మిల్లీమీటర్లయితే పలక ఏమీ ఎరగనట్లు నిలిచి ఉంటుంది. వారాల తరువాత ఏ గుంతలోనో చక్రం పడి కారు చట్రం మెలి తిరిగినప్పుడు మిగిలిన 0.2 మిల్లీమీటర్లు కూడా తెగుతాయి, రాయి సంగతి అప్పటికి ఎవరికీ జ్ఞాపకం ఉండదు. పలక అంచు మరింత సున్నితం. అంచుల చుట్టూ కనిపించే నల్లని పట్టీ రంగు కాదు, గాజుపై అచ్చువేసి కొలిమిలో కాల్చిన పింగాణీ పూత. జిగురును ఎండనుంచి కాపాడడానికి అది అవసరమే, కానీ పూత ఉన్న భాగం పూత లేని భాగం కంటే బలహీనంగా ఉన్నట్లు దక్షిణ కొరియా 2013లో గుర్తించి, అంతర్జాతీయ వేదికపై చర్చకు పెట్టింది. కప్పు గాజు పెద్దదయ్యేకొద్దీ ఆ నల్ల పట్టీ వెడల్పూ పెరుగుతున్నదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. అమెరికాలో 1995 నుంచి 2017 వరకు సన్‌రూఫ్ పేలుడుపై ప్రభుత్వ భద్రతా సంస్థకు 859 ఫిర్యాదులు అందినట్లు ఒక వినియోగదారుల పత్రిక లెక్కతేల్చింది. వాటిలో ఎక్కువ భాగం చివరి ఆరేడేళ్లలోనివే.

ఇంకొక కారణం నిజంగానే లోపలిది. గాజు తయారీలో చొరబడిన నికెల్ సల్ఫైడ్ అనే పదార్థపు నలుసు, మిల్లీమీటరులో పదో వంతు ఉన్నా, 379 డిగ్రీలకు పైన ఒక రూపంలోనూ కింద మరో రూపంలోనూ ఉంటుంది. టెంపర్ చేసేటప్పుడు గాజును హఠాత్తుగా చల్లార్చడంతో అది పాత రూపంలోనే చిక్కుకుపోయి, ఆ తరువాత నెలలకో ఏళ్లకో మెల్లగా రెండో రూపానికి మారుతూ 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది. లాగుడులో ఉన్న మధ్యపొరలో గనక అది ఉంటే పలక నిలిపి ఉంచిన కారులో అర్ధరాత్రి కూడా పేలవచ్చు. ఇక మే నెల ఎండలో మరిగిన కప్పుపై చన్నీళ్లు పోస్తే గాజు చిట్లుతుందన్న మాట పూర్తి నిజం కాదు: మామూలు గాజు 40 డిగ్రీల తేడాకే లొంగిపోవచ్చు గానీ, దెబ్బతినని టెంపర్డ్ గాజు 200 డిగ్రీల దాకా తట్టుకొంటుంది. ముందే గీత పడిన పలకకు మాత్రం ఆ నీళ్లే చివరి దెబ్బ కాగలవు.

కొబ్బరి సంగతి వేరే లెక్క. 15 మీటర్ల ఎత్తునుంచి ఒకటిన్నర కిలోల కాయ రాలితే నేలను చేరేసరికి దాని వేగం గంటకు 60 కిలోమీటర్లను దాటుతుంది, శక్తి సుమారు 220 జౌళ్లు. టెంపర్డ్ గాజును పరీక్షించే 227 గ్రాముల ఉక్కు బంతిని రెండు, రెండున్నర మీటర్ల ఎత్తునుంచి వదులుతారు. ఆ దెబ్బ 6 జౌళ్లకు లోపే. కాయ పీచు మెత్తనిది కాబట్టి ఉక్కు బంతి లాగా ఒకే బిందువును పొడవదు, దెబ్బను కొంత విస్తరిస్తుంది. అయినా నలభై రెట్ల తేడాను పీచు పూడ్చలేదు. ఎండు మట్ట కాయకంటే నెమ్మదిగా దిగుతుంది గానీ, దాని మొదలు బరువుగానూ మొనదేలిగానూ ఉంటుంది. పనసకాయ గురించి లెక్కలు అనవసరం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉధృతిలో 165 వరకు ఉన్నది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో కూలాయి. అంత గాలికి గాజు కప్పు నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు విచిత్రంగా తోచవచ్చు. గంటకు 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై చూపే ఒత్తిడి సుమారు వంద కిలోల బరువుతో సమానం. చట్రంలో సరిగ్గా కూర్చున్న పలక దానిని పరచుకొని భరించగలదు. గాజును పగులగొట్టేది గాలి కాదు, గాలి మోసుకొచ్చే పెంకు, రేకు, కాయ, కొమ్మ. అందుచేత తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కారును గోడ చాటుకు చేర్చడం కంటే చెట్ల నుంచీ రేకుల కప్పుల నుంచీ దూరంగా బయలులో నిలపడమే మేలు. ఉన్న పాత రగ్గులనో పరుపునో కప్పుపై పరచి తాళ్లతో బిగిస్తే పెద్ద కాయను ఆపలేకపోయినా చిన్న రాళ్లను ఆపుతుంది.

ఈ తీరపు తేమ గాలికి కూడా ఇందులో పాత్ర ఉంది. గాజులో సిలికాన్‌నూ ఆక్సిజన్‌నూ కలిపే బంధాన్ని, అది లాగుడులో ఉన్నప్పుడు, నీటి అణువు తెంపగలదు. గాలిలో తేమ పెరిగేకొద్దీ బీట నడక వేగం పెరుగుతుందని షెల్డన్ వీడర్‌హార్న్ 1967లో కొలిచి చూపాడు. టెంపర్డ్ గాజు పైపొర నొక్కుడులో ఉంటుంది కనుక దానికి ఈ బెడద తక్కువ, లామినేటెడ్ గాజుకు ఎక్కువ. రాత్రి జానెడున్న బీట తెల్లారేసరికి మూరెడు కావడం ఇందువల్లనే. నాణెమంత చిన్న దెబ్బను రెజిన్ నింపి ఆపవచ్చు, అయితే లోపలికి నీరూ దుమ్మూ చేరకముందే ఆ పని జరగాలి. అందాకా దానిపై పారదర్శకమైన టేపు అంటించి పొడిగా ఉంచడం చిన్న పనే గానీ ఫలితం పెద్దది. అంచును చేరిన బీటకు రెజిన్ పనికిరాదు, పలకనే మార్చాలి.

టెంపర్డ్ కప్పు నడుస్తున్న కారులో పేలినప్పుడు మొదటి శత్రువు గాజు కాదు, ఉలికిపాటు. చోదకుడు పైకి చూడక, హఠాత్తుగా బ్రేకు వేయక, వేగం తగ్గించి ఎడమ పక్కకు తీసి నిలపాలి. వెనుక కూర్చున్నవారు కళ్లు మూసుకొని తల వంచాలి. పలక విల్లులా పైకి వంగి ఉంటుంది కాబట్టి ముక్కలు ఒకదానినొకటి ఒరుసుకొని చాలాసార్లు వెంటనే రాలవు. కప్పు మీదుగా పోయే గాలి వాటిని పైకి లాగి వెనుక వచ్చే వాహనాలపై చల్లుతుంది. లోపలి తెర మూసి ఉంటే అలాగే ఉంచాలి. తెరిచి ఉండి, ముక్కలు ఇంకా చట్రంలోనే నిలిచి ఉంటే మెల్లగా మూయవచ్చు గానీ, గాడిలో ముక్కలు పడి ఉంటే తెర మోటారునైనా సన్‌రూఫ్ మోటారునైనా తిప్పరాదు, ఆ ఒక్క మీట నొక్కడంతో గాజు ఖర్చుకు మోటారు ఖర్చు తోడవుతుంది. కంట్లో నలుసు పడితే నులమకూడదు, శుభ్రమైన నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి. రహదారిపై సాయానికి జాతీయ రహదారుల 1033 నంబరు ఉంది.

ముక్కలను దులిపే ముందు ఫొటోలు తీయడం మరువరాని పని, ఎందుకంటే పగులు పుట్టిన చోటు తన కథను రాసి ఉంచుతుంది. బయటి దెబ్బ తగిలిన చోట గాజు పిండిలా నలిగి, అక్కడినుంచి గీతలు కిరణాల్లా విరజిమ్ముతాయి. నికెల్ సల్ఫైడ్ వల్ల పగిలితే పుట్టిన చోట రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా పక్కపక్కనే ఉంటాయి, వాటి మధ్యగీతపై నలుసు దొరకవచ్చు. తయారీదారు బయటి దెబ్బ అంటాడు, బీమా సంస్థ తయారీ లోపం అంటుంది. ఆ రెంటి మధ్య యజమాని చేతిలో మిగిలే సాక్ష్యం ఆ ఫొటోలూ, సంచిలో దాచిన ఆ రెండు ముక్కలూ మాత్రమే. థర్డ్ పార్టీ బీమాకు ఇందులో పైసా రాదు. సొంత నష్టాన్ని కూడా భరించే పాలసీ, జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది, తుపాను, వరద, వడగళ్లు, బయటినుంచి తగిలిన ప్రమాదపు దెబ్బ అన్నిటికీ వర్తిస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలపై సగం కోత పడినా గాజుపై తరుగుదల కోత ఉండదు. 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, ఆ పైన 2,000 రూపాయలు తప్పనిసరి మినహాయింపు. క్లెయిమ్ లేని ఏళ్లకు వచ్చే రాయితీ పోతుందా అన్నది పాలసీని బట్టి మారుతుంది కనుక చిన్న దెబ్బకు క్లెయిమ్ వేసేముందు లెక్క చూసుకోవాలి. సర్వేయరు చూడకముందే మరమ్మతుకు ఇవ్వడం సాధారణంగా జరిగే తప్పు.

కొత్త పలక తరచుగా విశాఖపట్నం నుంచి రావలసి ఉంటుంది, దానికి రోజులు పడతాయి. ఈలోగా మందపు టార్పాలిన్‌ను కప్పుపై పరచి, అంచులను తలుపుల లోపలికి మడిచి తలుపులు మూస్తే టేపు అవసరం చాలావరకు తప్పుతుంది. గోధుమరంగు ప్యాకింగు టేపు ఎండకు కరిగి రంగును పట్టుకొని ఊడుతుంది. అలా కప్పిన కారును రహదారి వేగంతో నడపరాదు. ఉప్పుగాలీ ఇసుకా పట్టాల గాడుల్లోకి చేరితే తుప్పు మొదలవుతుంది, కాబట్టి తెరిచి ఉంచే ప్రతి రోజూ నష్టమే. శుభ్రం చేయడం చీపురుతో కాదు, వ్యాక్యూమ్ క్లీనరుతో, సీటు కుట్లలో, బెల్టు చీలికల్లో, పిల్లల సీటు మడతల్లో రెండుమూడుసార్లు. సన్‌రూఫ్ మూలల నుంచి నీరు దించే సన్నని గొట్టాల్లో ముక్కలు చేరాయేమో ప్రత్యేకంగా చూడమని మెకానిక్‌ను అడగాలి. తోటల్లో నిలిపే కార్లకు ఆ గొట్టాలు ఆకుల నలుసులతో ముందే సగం పూడి ఉంటాయి, వాన నీరు లోపలికి కారిందంటే నేరం తరచుగా గాజుది కాదు, గొట్టానిది. కదలని పలకను అతికించే పాలీయురిథేన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడుతుంది. బీటను పొడిగించే తేమే అతుకును త్వరపరచడం ఈ తీరం చేసే ఒక చిత్రమైన న్యాయం. అయినా మెకానిక్ చెప్పిన గంటలు గడిచేదాకా కారును కదల్చకపోవడమే మంచిది.

కొత్త కారు కొనేవారు కప్పు పొడవెంత అని అడుగుతున్నారు, కప్పులోనిది ఏ గాజు అని అడగడం లేదు. ఉద్దానంలో ఉండేవారికి రెండో ప్రశ్నే ముఖ్యమైనది. లామినేటెడ్ కాకపోతే, కొబ్బరి తోటలో నిలపక తప్పని కారుకు ఇనుప రేకు కప్పే మెరుగు.